కదిలినవాళ్లు లేని ఫోటో

మా బావగారి పేరు నేను పలకకూడదు. మాలో కోడళ్లకు అది తప్పు. అత్తింటి పెద్దవాళ్ల పేర్లు నోట రాకూడదు. తప్పనిసరి అయితే ఆ పేరుకున్న అర్థం పట్టుకుని వేరే మాట అల్లుకోవాలి. ఆయన పేరుకు మా భాషలో "నిలిచిపో" అని అర్థం. ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు, వీడైనా నిలవాలని మా అత్తగారు ఆ పేరు పెట్టారట. ఆయన నిలిచారు. ఎంతగా నిలిచారంటే, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన లేచి పరుగెత్తగా చూసింది ఒక్కసారే. చాటున మేము ఆయన్ని నిలకడ బావ అంటాం.

ఎండలు ముదరగానే మందల్ని తోలుకుని సోన్‌కుల్ సరస్సు ఒడ్డుకు ఎక్కుతాం. మావి నాలుగు ఉన్ని గుడారాలు. ఒకటి అత్తగారిది. ఒకటి నిలకడ బావది, ఆయన భార్య కాలిమా అక్కది. ఒకటి నాది, మా ఆయనది. నాలుగోది చుట్టాల కోసం వేసేది. చుట్టాలు లేనప్పుడు అందులో బావగారు పడుకునేవారు. చుట్టాలు ఉన్నప్పుడు వాళ్లకు తోడుగా పడుకునేవారు.

ఆ ఏడు వచ్చిన చుట్టం మీరిమ్. మా చిన్నాన్న కూతురు. బిష్కేక్ పట్నంలో బొమ్మలు వేయడం నేర్చుకుని, అది వదిలేసి ఫోటోల మీద పడింది. అందరూ తీసే ఫోటోలు కావు. చిత్రకారులు చేసే తిక్క ఫోటోలు. ఆకుల మీద, గుడ్డల మీద, కెమెరా లేకుండా, ఒకదాని మీద ఇంకొకటి పడేలా. గొర్రెల లారీ ఎక్కి, చాపచుట్టలా చుట్టిన ఫోటో కాగితం, రెండు సీసాలు, ఇంత నల్లగుడ్డ పట్టుకుని దిగింది.

"కెమెరా ఏదే?" అన్నాను.

"అదిగో" అని చుట్టాల గుడారం చూపించింది.

లోపలి నుంచి గురక వినబడుతోంది.

"అందులో బావగారున్నారు."

"లేపక్కా. కెమెరాలో మనిషి పడుకుంటే ఎలా?"

ఆయన్ని లేపడం ఒక పూట పని. చివరికి కాలిమా అక్క ఆయన తలగడ తీసుకెళ్లి బయట పడేసింది. తలగడ వెనకే ఆయనా వెళ్లారు. గుమ్మానికి ఎదురుగా, కాస్త దూరంలో, గడ్డి మీద ఉన్ని తివాచీ పరుచుకుని మోచేతి మీద ఒరిగారు. అప్పటినుంచి అదే ఆయన చోటు.

మీరిమ్ గుడారం కప్పు మీది పొగకంత మూసేసింది. గోడల సందుల్లో ఉన్ని కూరింది. గుమ్మానికి నల్లగుడ్డ కట్టింది. మా అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చారు.

"వాన లేదు, మంచు లేదు. పట్టపగలు కప్పు మూస్తారా ఎవరైనా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"లోపలికి రండవ్వా, చూపిస్తా" అంది మీరిమ్. అత్తగారు దుప్పట్లు కుట్టుకునే సూదే అడిగి తీసుకుని, పాలడబ్బా మూతకు చిన్న చిల్లు పొడిచింది. ఆ రేకును నల్లగుడ్డలో బిగించింది. ముగ్గురం లోపల చీకట్లో కూర్చున్నాం. మొదట ఏమీ కనబడలేదు. కళ్లు అలవాటు పడేసరికి, గుమ్మానికి ఎదురు గోడ మీద సరస్సు కనిపించింది. పైన సరస్సు, కింద ఆకాశం. మధ్యలో గుర్రాలు కాళ్లు పైకి పెట్టుకుని గడ్డి మేస్తున్నాయి. కాలిమా అక్క బకెట్‌తో తల కిందకి వేలాడుతూ నడిచిపోయింది.

నేను నోరు తెరిచాను. అత్తగారు మాత్రం తల ఊపారు.

"నా కోడళ్లు అన్నీ తలకిందులుగా చేస్తారని ఇన్నేళ్ల నుంచి మొత్తుకుంటున్నాను. ఇప్పటికి రుజువైంది."

ఇక ఆవిడ ఆ చీకటి వదల్లేదు. టీ కూడా లోపలికే. మేము బయట ఏం చేస్తున్నా ఆవిడకు గోడ మీద కనబడుతోందన్న సంగతి మాకు ఆలస్యంగా తట్టింది. ఒక సాయంత్రం బయటికి వచ్చి, కళ్లు చిట్లించి, నన్ను పిలిచారు.

"నూర్జామల్, మీగడ బాగుందా?"

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"వేలు మడతపెట్టి నాకావు. చెంచాలు లేవా ఇంట్లో?"

ఫోటో తీసే రోజు వచ్చేసరికి ఇంకో చిక్కు. మీరిమ్ తెచ్చిన సీసాల్లో ఒకటి కనుమ దారి కుదుపులకు మూత ఊడి, ఎవరి గొర్రె మీదో ఒలికిపోయింది. కాగితం మీద బొమ్మను పైకి తేల్చే మందు అదే. అది లేకపోతే పని సాగదు.

"కాఫీ ఉందా అక్కా? చాకలి సోడా? జలుబు చేస్తే చప్పరించే పుల్లటి మాత్రలు?"

"తింటావా, ఉతుకుతావా?"

"మూడూ కలిపితే ఆ మందు పని చేస్తాయి. పట్నంలో మేము సరదాకి చేసేవాళ్లం."

సోడా నా దగ్గరుంది. మాత్రలు అత్తగారి దగ్గరున్నాయి. కాఫీ ఈ కొండ మీద ఒక్కరి దగ్గరే ఉంది. నారిన్ పట్నంలో ఉండే కూతురు పంపిన డబ్బా. బావగారు దాన్ని తలగడ కింద పెట్టుకుని, వారానికో చెంచా, ఎవరికీ పెట్టకుండా తాగేవారు. కాలిమా అక్క ఒక్క క్షణం ఆలోచించింది. వెళ్లి ఆయన తల ఎత్తి, తలగడ దులిపి, మళ్లీ తల పెట్టి వచ్చింది. ఆయనకు మెలకువ రాలేదు. డబ్బా మా చేతిలో ఉంది.

మర్నాడు పొద్దున్నే మీరిమ్ అందరినీ పిలిచి చెప్పింది. "ఇవాళ ఫోటో. చిల్లు చిన్నది కాబట్టి చాలాసేపు పడుతుంది, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా. మీరెవరూ నావైపు చూడొద్దు. రోజూ చేసే పనులే చేసుకోండి."

రోజూ చేసే పనులే చేశాం. కానీ కాలిమా అక్క పెళ్లినాటి వెండి జూకాలు పెట్టుకుని, జరీ అంచు తలగుడ్డ కట్టుకుని గుర్రాల పాలు పితికింది. నేను ఎర్ర వెల్వెట్ కోటు వేసుకుని పిడకలు మోశాను. మా ఆయన తెల్ల ఉన్ని టోపీ దులిపి పెట్టుకుని, మంచి గుర్రమెక్కి, లేని గొర్రెల్ని వెతుకుతూ గుడారం ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. గుర్రప్పాలు గడియ గడియకీ పితకాలి. గుర్రప్పిల్లల్ని తాడుకు కట్టి ఉంచుతాం. ఒక్కోదాన్నీ విప్పి తల్లి దగ్గరికి తేవాలి, అది నాలుగు గుక్కలు తాగాక పక్కకు లాగాలి, ఒక మోకాలు నేలకు ఆనించి పితకాలి. తెచ్చిన పాలు తోలుసంచిలో పోసి చిలకాలి. అక్క ఆ రోజంతా నడుం వంచింది వంచినట్టే ఉంది. మధ్యలో జూకాలు సర్దుకునేది.

బావగారు తివాచీ మీద మోచేయి ఆన్చి, పక్కన కుమిస్ గిన్నె పెట్టుకుని, సరస్సు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ పులిసిన గుర్రప్పాలు తాగితే ఒళ్లు బరువెక్కుతుంది. ఆయనకు తాగకపోయినా బరువే.

మధ్యాహ్నం దాటాక మీరిమ్ చిల్లు మూసి, ఎదురు గోడకు బిగించిన కాగితం తీసింది. సైకిలు వెనక పెట్టే ఎర్రదీపం వెలిగించి, బట్టలుతికే తొట్టెల్లో కాఫీ మందు పోసింది. ఆ కంపు చెప్పలేను. ఎండలో కుళ్లిన చేపలా ఉంది. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "బావుంది. నా కొడుకు దాచుకుని మరీ ఇది తాగుతున్నాడా?" అన్నారు.

మొదట తేలినది ఉల్టా బొమ్మ. మంచు కొండలు మసిబొగ్గులా ఉన్నాయి, నీడలు తెల్లగా ఉన్నాయి. దాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి, తెల్లదీపం ఒక్కసారి వెలిగించి ఆర్పి, ఆ రెండో కాగితాన్ని తొట్టెలో వేసింది. ఈసారి నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వచ్చింది. రెండో సీసాలోని మందులో ముంచి, కడిగి, బయటికి తెచ్చి గుడారం తాళ్లకు వేలాడదీసింది. అందరం మూగాం.

కొండలు ఉన్నాయి. సరస్సు ఉంది, చాకుతో కోసినట్టు. గుడారాలు ఉన్నాయి. గుర్రప్పిల్లల్ని కట్టే తాడు ఉంది. గుర్రాలు లేవు. మా ఆయన లేరు, ఆయన టోపీ లేదు. నేను లేను, నా వెల్వెట్ కోటు లేదు. పాలు పితికే చోట గడ్డి మీద పల్చటి పొగమంచు లాంటిదేదో ఉంది. ఆ పొగమంచు పక్కన బకెట్ ఒకటి నిలబడి ఉంది.

ఫోటో నడిమధ్యన బావగారున్నారు. గడ్డంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. టోపీ మీది కుట్టుపని, కుమిస్ గిన్నె అంచు, తివాచీ మీది పూలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఈ కొండ, ఈ సరస్సు, ఈ నాలుగు గుడారాలు తనవే అన్నట్టు, ఖానులా ఒరిగి ఉన్నారు.

ఎవరికి వారం ఫోటోలో మమ్మల్ని వెతుక్కున్నాం.

"మేమేమయ్యామే?" అంది కాలిమా అక్క.

మీరిమ్ తల గోక్కుంది. "అంతసేపు పట్టే ఫోటోలో కదిలేవాళ్లు పడరక్కా. కాగితానికి అందేలోపే జరిగిపోతారు. కదలకుండా ఉన్నదే నిలుస్తుంది. పని చేస్తే ఎలాంటి మరక మిగులుతుందో చూద్దామనే తీశాను. ఒకరు మధ్యలో ఇలా... ఇంత కుదురుగా ఉంటారనుకోలేదు."

"పొద్దున్నుంచి నడుం విరిగేలా పితికాను. నా బకెట్ ఉంది. నేను లేను."

బావగారు తివాచీ దిగి వచ్చారు. నిజంగానే లేచి నడిచి వచ్చారు. ఫోటో ముందు నిలబడి, రెండు చేతులూ మొహానికి రాసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

"చూశావా అమ్మా? నీ పెద్ద కొడుకు లేకపోతే ఈ కొండ మీద మనిషన్నవాడే లేడు."

"ఒరే పెద్దోడా" అన్నారు అత్తగారు, "నీ పక్కన బండరాయి కూడా బాగానే పడిందిరా. అది నీకంటే కుదురుగా ఉంది."

ఆయనకు ఎక్కలేదు. ఆ సాయంత్రం దారిన పోయే ప్రతి గుర్రపు రౌతునూ ఆపి ఫోటో చూపించారు. "ఇది మేతకొండ. ఇది నేను. మిగతావాళ్లా? ఉంటారు ఎక్కడో." పై మేతలో ఉండే సిదిక్ ముసలాయనకు కబురు పంపారు, ఎల్లుండి అందరూ రండి, ఫోటో చూద్దురుగాని, మాంసం తిందాం, కుమిస్ తాగుదాం అని. మా ఎవరికీ చెప్పలేదు. వాళ్లు వచ్చే రోజు పొద్దున టీ తాగుతూ అన్నారు.

"కాలిమా, ఇవాళ పది మంది దాకా రావచ్చు. గొర్రెను చూడు. కుమిస్ బాగా చిలుకు. ఆ కాఫీ కాస్త కలుపు... నా కాఫీ డబ్బా ఏదీ?"

అక్క టీ గిన్నె కింద పెట్టింది. కాఫీ సంగతి ఎత్తలేదు. లేచి వెళ్లి, జూకాలు పెట్టుకుని, జరీ తలగుడ్డ కట్టుకుని వచ్చింది. చుట్టాల గుడారం ఎదుట, బావగారి తివాచీ మీదే, నడిమధ్యన కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"మీరిమ్, ఇంకో కాగితం పెట్టు. నేను కదలను."

"గుర్రాలో?" అన్నాను.

"నువ్వు కదిలితే కదులు. నేను ఫోటోలో ఉన్నాను."

నేను వెల్వెట్ కోటు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. అత్తగారు చీకటి గుడారంలోంచి బయటికి వచ్చారు. ఇప్పుడు అయింది మా పని అనుకున్నాను. ఆవిడ మా ఇద్దరినీ చూశారు, కొడుకును చూశారు, మమ్మల్ని చెరో పక్కకూ జరిపి మధ్యలో చతికిలపడ్డారు.

"మనలో ఎవరు ముందు కదిలితే వాళ్లు ఈ కొండ దిగేదాకా పిడకలు మోస్తారు" అన్నారు.

మీరిమ్ లోపలికి వెళ్లి చిల్లు తెరిచింది.

బావగారు మా చుట్టూ తిరిగారు. తన చోటు పోయింది. కాసేపు పక్కన ఒరగబోయారు. ఈలోపు తాడుకు కట్టిన గుర్రప్పిల్లలు సకిలించడం మొదలుపెట్టాయి. పొదుగులు నిండి తల్లులు కాళ్లు నేలకేసి కొడుతున్నాయి.

"కాలిమా, పాలు..."

అక్క పెదవులు కదపకుండా, పళ్ల మధ్య నుంచి అంది. "ఫోటోలో ఉన్నా."

"అమ్మాయ్, నూర్జామల్..."

"ఫోటో, బావగారూ."

"అమ్మా!"

అత్తగారు కనురెప్ప కూడా ఆర్పలేదు.

మా ఆయన గొర్రెను కోసి, పొయ్యి రాజేయడానికి వెళ్లారు. ఇక పాలు పితకడానికి బావగారు తప్ప ఎవరూ మిగల్లేదు. బకెట్ పట్టుకుని మొదట చుక్క దగ్గరికి వెళ్లారు. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న నల్ల గుర్రం అది. కాలిమా అక్క చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ ఎరగదు. ఆయన్ని వాసన చూసి చెవులు వెనక్కి పెట్టింది. ఆయన వెనక్కి వచ్చేశారు. మళ్లీ వెళ్లారు. మళ్లీ వచ్చేశారు. తర్వాత వాళ్ల గుడారంలోకి దూరి కనబడకుండా పోయారు.

బయటికి వచ్చినప్పుడు ఆయన ఒంటి మీద అక్క దూదికోటు ఉంది. తలకు అక్క పాత పూలగుడ్డ ఉంది, గడ్డం కింద ముడి వేసి.

నా పొట్టలో నవ్వు పిల్లిలా కదిలింది. అత్తగారి గోరు నా తొడ మీద దిగింది.

"ఊపిరి పీల్చుకో. పిడకలు గుర్తుంచుకో" అన్నారు ఆవిడ, పెదవులు కదపకుండా.

చుక్క మళ్లీ వాసన చూసింది. కోటు అక్కదే. ఒప్పుకుంది. బావగారు మోకాలు ఆన్చి, చెయ్యి గుర్రం కాలి వెనక నుంచి పోనిచ్చి, సన్నగొంతు పెట్టి, "ఆగవే తల్లీ, ఆగవే, నేనే, నీ కాలిమానే" అంటూ పితకడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నేర్చుకున్నదే. బకెట్‌లో చర్రుమని ధార పడిన చప్పుడు విని అక్క కళ్లు అటు తిరిగాయి. ఆ కళ్లలో ఏముందో నాకు పక్కనుంచి కనబడలేదు.

అలా ఒక గుర్రం అయింది, రెండు అయ్యాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మా నడుములు పట్టేశాయి. పనిచేయకపోవడం ఇంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. ఈగ వచ్చి అత్తగారి ముక్కు మీద వాలింది. ఆవిడ దాన్ని వాలనిచ్చారు.

సరిగ్గా బావగారు మళ్లీ చుక్క దగ్గర మోకాలు వేసినప్పుడు, మెరక మీద సిదిక్ ముసలాయన, ఆయన వెనక ఏడెనిమిది మంది రౌతులు కనిపించారు.

వాళ్లవైపు నుంచి కూడా ఆలోచించాలి. వాళ్లు చూసింది ఇది. పట్టపగలు గుడారం కప్పు మూసి ఉంది. నల్లగుడ్డ కట్టి ఉంది. ముగ్గురు ఆడవాళ్లు మంచి బట్టలు కట్టుకుని గుడారం ముందు రాళ్లలా కూర్చున్నారు, పలకరించినా ఉలకరు, పలకరు. గొర్రె కోసి ఉంది. పొయ్యి మీద పెద్ద బాన మరుగుతోంది. ఎప్పుడు వచ్చినా గుమ్మం ముందు మోచేతి మీద ఒరిగి కనబడే మనిషి ఇవాళ ఆ చోట లేడు.

మాలో చావింటికి వచ్చే మగవాళ్లు దూరం నుంచే గుర్రాన్ని దౌడు తీయించి, బావురుమని ఏడుస్తూ రావాలి. సిదిక్ ముసలాయన జీను మీద ముందుకు వాలాడు.

"అయ్యో నా తమ్ముడా! అయ్యో నా కొండా! మమ్మల్నొదిలి ఎలా పోయావురా! మొన్ననే కదరా మాంసం తిందాం రమ్మన్నావు!"

వెనక ఎనిమిది గొంతులూ అందుకున్నాయి. గుర్రాలు దడదడమని దిగువకు దూకాయి. కట్టేసిన పిల్లలు బెదిరి తాళ్లు తెంపుకోబోయాయి. చుక్క ఒక్కసారి నడుం ఎత్తి, వెనక్కి తిరిగి, బావగారు లేచి తిరిగేలోపు ఆయన కూర్చునే చోట చాచి తన్నింది.

అప్పుడు ఆయన పరుగెత్తారు. పూలగుడ్డ గాలికి ఎగురుతూ, ఒక చేతిలో బకెట్‌తో, రెండో చెయ్యి వెనక పెట్టుకుని, ఏడుస్తున్న జనానికి ఎదురు పరుగెత్తారు.

"ఎవరు పోయారు? ఎవరు పోయారు?"

ముసలాయన గుర్రం దెబ్బకు ఆగింది. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"నువ్వే" అన్నాడు చివరికి.

ఇక మా వల్ల కాలేదు. నేను నవ్వాపుకోలేక ముందుకు పడ్డాను. కాలిమా అక్క మోకాళ్లు రెండు చేతులతో బిగించి పట్టుకుని, ఒళ్లు కదలనివ్వకుండా, తల మాత్రం ఊపి ఊపి నవ్వింది. జూకాలు గలగలమన్నాయి. ఆగుతుందనుకుంటే ఆగదు. పూలగుడ్డ వంక చూస్తే మళ్లీ మొదలు. చీకటి గుడారంలోంచి మీరిమ్ అరుపు.

"నా కాగితం! ఎవరూ అడ్డం రావద్దు! అవ్వా, నీకు పుణ్యముంటుంది, ఇంకాసేపు!"

సంగతి తెలిశాక సిదిక్ ముసలాయన గుర్రం దిగి, చేతి కర్ర ఆన్చుకుని మా పక్కన కూర్చున్నాడు. "నేనూ ఉంటాను. ఏడ్చి ఏడ్చి కాళ్లు లాగుతున్నాయి" అన్నాడు. మిగతావాళ్లు మా ఆయనతో కలిసి మాంసం తరిగారు, పిండి పిసికారు, వంట కానిచ్చారు. ఆడవాళ్లు ఫోటోలో ఉన్నారు కాబట్టి వేరే దారి లేదు.

మధ్యాహ్నం దాటాక మీరిమ్ మళ్లీ తొట్టెలు పెట్టింది. డబ్బాలో మిగిలిన కాఫీ అంతా దులిపి పోసింది. చుట్టాలు ముక్కులు మూసుకుని గుమ్మం బయట ఎదురుచూశారు. తడి ఫోటో తెచ్చి ఎదుట పరిచింది.

ఈసారి మేమున్నాం. మధ్యలో అత్తగారు, ముడతలతో సహా, గుడ్లురుముతూ స్పష్టంగా ఉన్నారు. ఇంత గోలలోనూ ఆవిడ నవ్వలేదని అప్పుడు తెలిసింది. "ఇంట్లో ఒకరన్నా నవ్వకూడదు" అన్నారు. ముసలాయన పక్కన సగం మనిషి, సగం గడ్డి. నా చోట ఎర్ర కోటు నల్లగా కుప్పబడి ఉంది, మెడ పైన ఏమీ లేదు, ముందుకు పడ్డాను కదా. కాలిమా అక్క కోటు, బొత్తాలు, మోకాళ్లు అన్నీ కుదురుగా ఉన్నాయి. తల ఉండవలసిన చోట మాత్రం తెల్లటి మసక, గాలికి కదిలిన పువ్వులాగా.

"నా మొహమేదే?"

"నవ్వావు కదా అక్కా."

అక్క వంగి చూసింది. మోకాళ్లను పట్టుకున్న రెండు చేతులూ ఫోటోలో ఉన్నాయి. గోళ్లు, వేళ్ల మీది పగుళ్లు, బకెట్ తాడు కోసిన గీతలు. తన చేతులు ఎదురుగా పెట్టుకుని ఫోటోతో పోల్చి చూసుకుంది. చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది కానీ, అది నవ్వు మిగిల్చిన నీరేనని నాతో తర్వాత వాదించింది.

"నేనెక్కడ?" బావగారు అందరి భుజాల మీద నుంచి చూస్తున్నారు. తలగుడ్డ తీయడం మర్చిపోయారు. పాలు పితికే చోట వేలు పెట్టారు. "ఇదిగో, ఈ మసక. ఇది నేనే. మోకాలు ఇక్కడ. చూడండి, కదులుతూ పనిచేసేవాడు ఫోటోలో పడడు. అది పద్ధతి. మీకు తెలియదు."

ఎవరూ ఆయన మాట కాదనలేదు. ఆ మసక చుక్కదీ కావచ్చు.

విందు బాగానే జరిగింది. ఉప్పు ఎక్కువైంది, వండినవాళ్లు ఎవరూ దాని మాట ఎత్తలేదు. బావగారు పితికిన పాలు రేపటికి గానీ కుమిస్ కావు కాబట్టి అక్క పితికిన నిన్నటిదే తాగాం. అందరూ తివాచీల మీద కూర్చున్నారు. బావగారు మాత్రం గుడారం స్తంభానికి భుజం ఆన్చి, గిన్నె చేత్తో పట్టుకుని, నిలబడే తిన్నారు.

"కూర్చోరా తమ్ముడూ" అన్నాడు సిదిక్.

"ఇక్కడ గాలి బాగుంది" అన్నారు ఆయన.

కాలిమా అక్క ఒక ముక్క తెచ్చి ఆయన గిన్నెలో వేసింది. తొడ దగ్గరి మంచి ముక్క, పెద్దవాళ్లకు పెట్టేది. "ఎంత పితికావు?" అని మెల్లగా అడిగింది.

"బకెట్ నిండింది. సగం ఒలికింది."

"రేపు చుక్కను నేను చూసుకుంటా. మిగతావాటిని నువ్వు చూడు."

"కోటు ఇస్తావా?"

అక్క మొహం అటు తిప్పుకుని వెళ్లిపోయింది. నవ్వుకు భుజాలు కదిలాయి.

పొద్దు వాలుతుండగా చుట్టాలు లేచారు. సిదిక్ ముసలాయన జీను బిగించుకుంటూ ఆగాడు.

"చావింట్లో ఏడ్చినవాడిని వట్టి చేతులతో పంపరు. గుడ్డో, కోటో పెడతారు. నేను గొంతు పోయేలా ఏడ్చాను."

"మనిషి బతికే ఉన్నాడు కదా!" అంది మీరిమ్.

"అది నా తప్పా?"

అత్తగారు ఆలోచించారు. ముసలాయన అన్నదాంట్లో న్యాయం ఉందని తేల్చారు. ఏమివ్వాలో మాత్రం కాలిమా అక్కే చూసింది. వాళ్ల గుడారంలోకి వెళ్లి, గోడకు గుచ్చిన మొదటి ఫోటో తీసి, చుట్టి, ఉన్నిదారంతో కట్టి తెచ్చింది.

"ఇది తీసుకెళ్లు తాతా. మీ గుడారంలో పెట్టుకో. ఎవరైనా అడిగితే, మేతకొండ మీద పని చేయనివాళ్లు ఇలా ఉంటారని చెప్పు."

ముసలాయన చుట్ట విప్పి చూసి, కొండలవైపు, ఫోటోవైపు చూసి, తృప్తిగా చంకలో పెట్టుకున్నాడు. గుర్రాలు మెరక ఎక్కాయి. గడ్డం వెంట్రుకలతో సహా తాను చంకలో చుట్టబడి కొండ దాటి పోతుంటే బావగారు గుమ్మంలోంచి చూశారు. ఒక అడుగు ముందుకు వేశారు కూడా. వెంటపడి ఆపాలని ఆయనకు ఉంది కానీ, ఆ పూట ఏ గుర్రం మీదా కూర్చునే స్థితిలో ఆయన లేరు.